తోమా ఒక్కడే కాదు

తెలుగు సంఘాల్లో తోమా పేరు ఎక్కువగా హెచ్చరికగానే వినిపిస్తుంది. తోమాలా ఉండొద్దని పాస్టరుగారు అన్నారంటే ఇక విడమరచి చెప్పక్కర్లేదు: అడక్కుండా నమ్మాలి, ఆధారం కోరకూడదు. యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయాన్ని నిదానంగా చదివితే ఈ తీర్పు నిలబడదు. పునరుత్థాన దినం సాయంత్రం శిష్యులు భయంతో తలుపులు మూసుకుని కూర్చున్నారు. యేసు వచ్చి తన చేతులూ పక్కా చూపించాడు. చూశాకే వాళ్ళకి సంతోషం కలిగింది. ఆ పూట తోమా అక్కడ లేడు. తర్వాత అతను కోరింది, మిగతా పదిమందికి కోరకుండానే దొరికినదాన్నే. అదే రోజు పొద్దున స్త్రీలు సమాధి దగ్గర్నుంచి వచ్చి చెప్పిన సంగతిని అపొస్తలులెవరూ నమ్మలేదని లూకా రాశాడు. అంటే సందేహించినవాళ్ళ వరసలో తోమా ఆఖరివాడు, అంతే. పైగా పిరికివాడేమీ కాదు. బేతనియకి వెళ్తే ప్రాణాపాయమని తక్కినవాళ్ళు వెనకాడుతుంటే, పోదాం, ఆయనతోపాటే చద్దాం అన్నది ఇతనే. కడరా భోజనం దగ్గర, నువ్వెక్కడికి వెళ్తున్నావో తెలీనప్పుడు దారెలా తెలుస్తుందని ముఖంమీదే అడిగిందీ ఇతనే. అర్థం కానిదాన్ని అర్థమైనట్టు నటించడం చేతకాని మనిషి. ఆ మనిషే సముద్రాలు దాటి మన మైలాపూరు దాకా వచ్చి అక్కడే ప్రాణమిచ్చాడని దక్షిణాది క్రైస్తవుల సంప్రదాయం చెబుతుంది. శిష్యులందరిలోకీ ఎక్కువ దూరం నడిపించిన కథ సందేహించినవాడికే దక్కడం నాకు వింతగా అనిపించదు.

యోహాను చెప్పినదాంట్లో అందరూ దాటేసే వివరం ఒకటుంది. తోమా నమ్మనని తేల్చి చెప్పాక ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజుల్లో ఏం మాట్లాడుకున్నారో, ఎంత వాదించుకున్నారో యోహాను రాయలేదు, మనం కల్పించకూడదు కూడా. ఒకటి మాత్రం ఖాయం: శిష్యులు మళ్ళీ ఆ ఇంట్లో కూడుకున్నప్పుడు తోమా వాళ్ళ మధ్యే ఉన్నాడు. తమ విశ్వాసానికి పునాది అయిన సంగతినే ఒప్పుకోనివాడిని ఆ పదిమంది బయటికి పంపలేదు. వాళ్ళ మాట నమ్మనివాడు వాళ్ళని వదిలి పోనూ లేదు. యేసు రెండోసారి వచ్చింది అందరూ ఉన్న ఆ చోటికే. యేసుని ప్రభువనీ దేవుడనీ సూటిగా పిలిచిన ఒప్పుకోలు, ఆ సువార్తలోకెల్లా గొప్పది, ఈ సందేహి నోటినుంచే వచ్చింది. చూడకుండా నమ్మినవాళ్ళు ధన్యులన్న మాట ఆ వెంటనే వస్తుంది, నిజమే. దాన్ని తోమాకి వేసిన మొట్టికాయగా చదివేవాళ్ళున్నారు. కానీ అక్కడికక్కడే, చదివేవాళ్ళు నమ్మాలనే ఈ సూచనలన్నీ రాశానని యోహాను కలం ఆపి చెబుతాడు. చూసే అవకాశం ఎన్నటికీ రాని పాఠకుల కోసం చెప్పిన దీవెన అది. చూడనివాళ్ళ చేతికి సాక్ష్యంగా ఒక పుస్తకమే రాసిచ్చినవాడు ఆధారం అడగొద్దంటున్నాడని ఎలా అనుకోగలం?

సందేహం పుట్టడంవల్ల క్రైస్తవ జీవితానికి కలిగే నష్టం కంటే, పుట్టిన సందేహాన్ని ఎక్కడా చెప్పుకోలేకపోవడంవల్ల కలిగే నష్టం పెద్దదని నా వాదన. బైబిలు దాన్ని దేవుడి ముందుకీ తోటి విశ్వాసుల మధ్యకీ రానిచ్చింది. మత్తయి సువార్త చివర పదకొండుమంది గలిలయ కొండమీద యేసుకి మొక్కారనీ, కొందరు సందేహించారనీ ఒకే వాక్యంలో ఉంది. ఆ వెంటనే అన్ని జాతులకీ వెళ్ళమన్న ఆజ్ఞ వస్తుంది. సందేహించినవాళ్ళని పక్కన నిలబెట్టి మిగిలినవాళ్ళకి మాత్రమే ఇచ్చినట్టు మత్తయి రాయలేదు. యొర్దానులో యేసుకి బాప్తిస్మమిచ్చిన యోహాను, చెరసాలలో పడ్డాక, రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం ఎదురుచూడాలా అని కబురు పంపాడు. యేసు అతన్ని కసురుకోలేదు. ఏం జరుగుతోందో చూసి, విని వెళ్ళి చెప్పమన్నాడు, అంటే ఆధారమే ఇచ్చాడు. కబురు తెచ్చినవాళ్ళు వెళ్ళాక జనం ముందు అతన్ని ప్రవక్తకన్నా గొప్పవాడన్నాడు. యోబు గ్రంథం ఇంకా ముందుకి వెళ్ళింది. యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ అధ్యాయాల తరబడి దేవుడి పక్షాన వాదిస్తారు. యోబు దేవుడిమీదే ఫిర్యాదు చేస్తాడు. చివర్లో దేవుడు తన పక్షాన వాదించినవాళ్ళమీద కోపగించి, నా గురించి యోబు మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదంటాడు. దేవుడికి వకాల్తా పుచ్చుకునేవాళ్ళందరూ వారానికోసారి చదవాల్సిన భాగం ఇది.

అన్నిటికన్నా నన్ను ఆపేసేది 88వ కీర్తన. ఎజ్రాహీయుడైన హేమాను పేరున్న కీర్తన. విలాప కీర్తనలు చాలావరకు మొదట ఏడ్చినా, చివరికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట నమ్మకంవైపు తిరుగుతాయి. ఇది తిరగదు. మొరతో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది; స్నేహితులు పోయారు, దేవుడు ముఖం దాచుకున్నాడు, జవాబు రాలేదు. దీన్ని సంకలనం చేసినవాళ్ళు ఆఖర్న ఓ స్తుతి వాక్యం చేర్చి సర్దేయొచ్చు. చేర్చలేదు. దేవాలయంలో పాడుకునే పాటల్లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచారు. అయితే ఆ మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడో చూడండి. మొదటి మాట నుంచి చివరి మాట వరకు దేవుడితోనే. నువ్వు వినడం లేదని ఆయనకే చెబుతున్నాడు. దేవుడి గురించి మనసులో ఏ అభిప్రాయం ఉందన్నదానికంటే, ఆ అభిప్రాయాన్ని ఎవరికి చెబుతున్నాం అన్నదాన్నిబట్టి విశ్వాసాన్ని గుర్తించడం ఇక్కడ కనిపిస్తుంది. మార్కు సువార్తలో మూర్ఛ వచ్చే కొడుకుని తెచ్చిన తండ్రి కూడా అంతే. నమ్ముతున్నానంటూనే తన అవిశ్వాసాన్ని ఆయన ముందే పెట్టి సాయం అడిగాడు. అది పూర్తిగా పోయాక రమ్మనలేదు యేసు. పిల్లవాడు బాగయ్యాడు.

దీనికి ఎదురుగా చూపించే వాక్యాలు లేకపోలేదు, వాటిని తప్పించుకుంటే ఈ వాదన చెల్లదు. సందేహించేవాడు గాలికి ఎగిసిపడే కెరటంలాంటివాడనీ, అలాంటివాడికి ప్రభువు దగ్గర ఏమీ దొరకదనీ యాకోబు రాశాడు. పేతురు నీళ్ళమీద నడుస్తూ మునిగిపోబోతే అల్పవిశ్వాసి అనిపించుకున్నాడు. యాజకుడు జెకర్యా దేవదూత మాట నమ్మనందుకు కొడుకు పుట్టి పేరు పెట్టేదాకా మూగవాడయ్యాడు. పేతురు సంగతిలో వరస గమనించాలి: ముందు చెయ్యి చాచి పట్టుకున్నాడు, ఆ తర్వాతే ఎందుకు సందేహించావని అడిగాడు. జెకర్యా మాట పడిపోయింది గానీ వాగ్దానం రద్దు కాలేదు. అతన్ని నీతిమంతుడని లూకా ముందే అన్నాడు, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. యాకోబుది కొంచెం కష్టమైన వాక్యం. అతను తిడుతున్నది రెండు పడవలమీద కాళ్ళు పెట్టినవాడిని, దేవుడినీ లోకాన్నీ చెరో చేత్తో పట్టుకుని ఎటు లాభముంటే అటు వాలేవాడిని. పత్రికంతా చదివితే అది తేటపడుతుంది: ధనికుడికి మంచి కుర్చీ వేసి పేదవాణ్ణి కింద కూర్చోమనేవాళ్ళూ, ఒకే నోటితో దీవించి శపించేవాళ్ళూ అతని లక్ష్యం. పైగా రెండో అధ్యాయంలో అదే యాకోబు, దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయంటాడు. దయ్యాలకి రవ్వంత సందేహం లేదు! సందేహం లేకపోవడమే విశ్వాసమైతే వాటిని మించిన విశ్వాసులుండరు. కాబట్టి యాకోబునే సాక్షిగా పిలిచి సందేహిని శిక్షించడం కుదరదు.

ఇక మన సంఘాల సంగతి. సాక్ష్యం చెప్పడం తెలుగు క్రైస్తవ జీవితంలో గొప్ప అలవాటు. అక్షరం రాని కూలిమనిషి కూడా లేచి నిలబడి దేవుడు తనకి చేసిన మేలు చెప్పగలగడం, చదువుకున్నవాళ్ళు దాన్ని తల వంచుకుని వినడం, ఈ దేశంలో చిన్న విషయం కాదు. అయితే ఆ సాక్ష్యానికి ఒక ఆకారం స్థిరపడిపోయింది. కష్టం వచ్చింది, ఉపవాస ప్రార్థన చేశాం, ప్రభువు విడిపించాడు, దేవునికి స్తోత్రం. విడుదల రాని సాక్ష్యానికి ఇందులో చోటు లేదు. ప్రార్థించాం, పిల్లవాడు పోయాడు, ఎందుకో తెలియడం లేదు అని మైకు ముందు చెప్పే వీలుందా? చెప్పినా పక్కనున్న పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతుంది. 88వ కీర్తన బైబిల్లో ఉంది గానీ ఆరాధన క్రమంలో లేదు. స్వస్థత కూటాల్లో ఇది ఇంకో అడుగు దాటుతుంది. జబ్బు నయం కాకపోతే ప్రసంగీకుడి మాట తప్పనరు, రోగికి విశ్వాసం చాలలేదంటారు. నొప్పితో ఉన్నవాడి నెత్తిన నేరం కూడా పెట్టే ఈ మాటకి సువార్తల్లో ఆధారం వెతికితే, మూర్ఛ పిల్లవాడి తండ్రి ఒక్కడే చాలు దాన్ని కాదనడానికి. అక్కడ విశ్వాసం చాలలేదని బయటపడింది స్వస్థపరచలేకపోయిన శిష్యులకే.

ఒకటి ఒప్పుకోవాలి: చెప్పుకునే చోటు విషయంలో కతోలిక సంఘం కాస్త మెరుగు. పాపసంకీర్తనం వినే గురువు నోరు విప్పకూడదన్న నియమం ఉంది. బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో పాస్టరుగారు అదే వీధిలో ఉంటారు, ఆయన భార్య ఆడవాళ్ళ కూడిక నడుపుతుంది, రాత్రి ఆయనకి చెప్పింది పొద్దున్నకి ప్రార్థన అంశమై వాట్సాప్ గుంపులో కనిపిస్తుంది. అందుకే ఇంజనీరింగు చదివే కుర్రాడు తన ప్రశ్నలన్నీ ఎవరో తెలియని యూట్యూబు ప్రసంగాల్లో వెతుక్కుంటాడు. వాటిలో ఒక సగం అతన్ని భయపెడతాయి, రెండో సగం వెక్కిరిస్తాయి.

చెప్పుకునే ఆ సౌకర్యం ఉన్నా ఎంత బరువు మోయాల్సి వస్తుందో మదర్ తెరిసా ఉత్తరాలు చూపిస్తాయి. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగు వెళ్ళే రైల్లో ఆమెకి పిలుపు వచ్చింది. 1950లో ఆమె సన్యాసినుల సభ ఏర్పడింది. అప్పటికే మొదలైన లోపలి చీకటి, నడుమ కొద్ది వారాల విరామం తప్ప, 1997లో చనిపోయేదాకా విడవలేదు. దేవుడు తనని కోరడం లేదనీ, అసలున్నాడో లేడోననీ ఆమె రాసింది. ఆ రాతలు ఆమె ఆత్మీయ మార్గదర్శకులకి మాత్రమే చేరాయి. వాటిని కాల్చేయమని కూడా కోరింది. 2007లో పుస్తకంగా వచ్చేసరికి ఆమె సభలోని సిస్టర్లే విస్తుపోయారు. క్రిస్టఫర్ హిచెన్స్ లాంటి నాస్తికులు వీటిని చదివి, ఆమె విశ్వాసం ఎప్పుడో పోయింది, సంఘం ఒప్పుకోనివ్వలేదన్నారు. కతోలిక వేదాంతులు పదహారో శతాబ్దపు యోహాను క్రూస్ రాసిన ఆత్మ చీకటిరాత్రి ఇదేనన్నారు. రెండు వ్యాఖ్యానాలూ తొందరపడ్డాయనే నా అభిప్రాయం. మొదటిది ఆమె యాభై ఏళ్ళ పనిని నటన చేస్తుంది, రెండోది ఆమె బాధని ఆధ్యాత్మిక హోదాగా మార్చేస్తుంది. కాగితాలమీద కనిపించేది మాత్రం ఇది: వాటిలో యేసుకే సంబోధించి రాసినవి ఉన్నాయి. లేడేమోనన్న అనుమానాన్ని ఆయనకే రాసుకున్న మనిషి ఆమె. హేమాను వరసలోని మనిషి. ఆమెని 2016లో పునీతురాలిగా ప్రకటించిన సంఘం ఈ ఉత్తరాల్ని దాచకుండా ముందే బయటపెట్టడం మెచ్చుకోదగ్గ పని. అయితే బతికున్నప్పుడు తోటి సిస్టర్లలో ఒక్కరితోనైనా పంచుకోగలిగి ఉంటే ఆ చీకటి కాస్త పలచబడేదేమో.

సందేహాన్ని బాహాటంగా రానిస్తే బలహీనులు పడిపోతారు, కాపరి మందని కాచుకోవద్దా అన్న మాట తోసెయ్యదగ్గది కాదు. పాత ఉదాహరణ ఒకటి ఇంటి దగ్గరే ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన తెలుగు మిషను పన్నెండు పదమూడేళ్ళకి కూడా చెప్పుకోదగ్గ ఫలితం చూపలేదు. దీన్ని మూసేద్దామా అని 1853లో అమెరికాలోని మిషను పెద్దలు సభలో బహిరంగంగానే చర్చించారు. విశ్వాసం లేని చర్చ అని ఎవరూ నోరు నొక్కలేదు. పూర్తిగా వాదించుకున్నాకే కొనసాగించారు. తర్వాత అదే మిషను తరఫున ఒంగోలుకి వచ్చిన క్లౌ దొరకి 1876–78 కరువులో ఇంకోరకం సందేహం ఎదురైంది. బకింగ్‌హాం కాలవలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని కల్పిస్తున్నాడు. బాప్తిస్మం కోరేవాళ్ళు వస్తున్నారు. గింజల కోసం వస్తున్నారా, క్రీస్తు కోసమా? సాక్ష్యాన్ని అనుమానించడం పాపమనుకుని ఉంటే వెంటనే బాప్తిస్మాలు ఇచ్చేసేవాడు. అతను సాయం అందుతున్నంతకాలం, ఏడాదికి పైగా, ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా వచ్చినవాళ్ళకే ఇప్పించాడు: 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజులో 2,222 మందికి. కరువుకూటి క్రైస్తవులన్న ఎగతాళి అప్పుడూ ఆగలేదు, ఇప్పుడూ ఆగలేదు. మాదిగపల్లెల నుంచి వచ్చిన ఆ మనుషులు ఆకలితోపాటు గౌరవాన్నీ వెతుక్కుంటూ వచ్చి ఉంటే తప్పేమిటన్నది వేరే చర్చ. ఇక్కడ నాకు కావలసింది ఇంతే: తెలుగు నేలమీద అతిపెద్ద సంఘాల్లో ఒకటి, సందేహాన్ని బయటపెట్టి దానికి సమయమిచ్చిన చోటే పెరిగింది. యూదా పత్రిక కూడా ఈ విచక్షణ చూపిస్తుంది. ఇరవై అయిదు వచనాల ఆ చిన్న ఉత్తరం దుర్బోధకులమీద నిప్పులు కురిపిస్తుంది. సందేహపడేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి జాలి చూపమంటుంది.

మతం లేని మిత్రులు అడిగే ప్రశ్న దీనికన్నా పదునైనది. నమ్మితే విశ్వాసం, సందేహిస్తే అదీ విశ్వాసంలో భాగమే. ఎటు తిరిగినా మీరే గెలిచే ఆట కదా ఇది అంటారు. సందేహాలన్నీ విశ్వాసమే అని నేనంటే ఆ నింద న్యాయమే అవుతుంది. అలా అనడం లేదు. కొన్ని సందేహాలు విశ్వాసాన్ని అంతం చేస్తాయి. కొన్నిచోట్ల చెయ్యాలి కూడా: నెరవేరని ప్రవచనాలు చెప్పేవాడిమీద, డబ్బిస్తే ఆశీర్వాదమనేవాడిమీద ఉన్న విశ్వాసం పోవడం ఆరోగ్యం. అసలు విశ్వాసం విషయంలోనూ పౌలు ఆ అపాయాన్ని ఒప్పుకున్నాడు. కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో, క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం, మేం అబద్ధసాక్షులం అని తేల్చేశాడు. అయిదువందలమందికి పైగా చూశారనీ, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ చేర్చాడు. వెళ్ళి అడగండన్నట్టే కదా! తప్పని తేలే అవకాశం లేని మాటని ఎవరూ ఇలా సాక్షుల్ని చూపించి చెప్పరు. పౌలు పెట్టిన ఈ పందెంలో ఓడిపోయే వీలుంది. ఓడిపోయిందని అనుకున్నవాళ్ళు వెళ్ళిపోతారు, వెళ్ళేవాళ్ళని మూర్ఖులనో పాపులనో అనే హక్కు ఉన్నవాళ్ళకి లేదు.

వెళ్ళిపోయినవాళ్ళ గురించి మన ప్రసంగాల్లో నడిచే మాటలు వింటే మాత్రం ఆ హక్కు పుష్కలంగా ఉన్నట్టుంటుంది. దేవుణ్ణి వదిలితే నీతిని వదిలినట్టేనని తేలిగ్గా అనేస్తారు. అయితే క్రైస్తవుడైన కవి జాషువా కూతురు హేమలత, నాస్తికుడు గోరా కొడుకు లవణాన్ని పెళ్ళాడి నాస్తిక కేంద్రపు కుటుంబంలో అడుగుపెట్టారు. నిజామాబాదు పల్లెల్లో జోగినీ ఆచారానికి ఎదురు నిలిచారు. నేరస్థ జాతులని తెల్లప్రభుత్వం ముద్రవేసిన కుటుంబాల మధ్య, ఒకప్పుడు సాల్వేషన్ ఆర్మీ క్రైస్తవులు నడిపిన స్టువర్టుపురంలో, భర్తతో కలిసి ఏళ్ళ తరబడి పనిచేశారు. అవిశ్వాసి అంటే నీతి తప్పినవాడని చెప్పదలచుకున్న ప్రసంగీకుడు ఒకసారి బాపట్ల దాటి ఆ ఊరు వెళ్ళి, అక్కడి పెద్దవాళ్ళని అడిగి వచ్చి చెప్పొచ్చు.